భోగ్యం అన్న మాట దగ్గర మా ఆఫీసు చేసిన తప్పు

మా కక్షిదారులందరికీ నమస్కారం. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. అందుకే బరంపురంలో మా ఆఫీసుకు ఇప్పటికే కేసులు అప్పగించినవారికి మాత్రమే ఇది రాస్తున్నాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడ చాలా ఇళ్లలో తాతలనాటి భూమి పత్రాలు తెలుగులోనే ఉన్నాయి. కోర్టులో దాఖలు చేయాలంటే వాటికి అనువాదం జతచేయాలి. పోయిన ఏడాది నుంచి ఆ పనికి ఒక ఏఐ యాప్ వాడాం. వారం పట్టే పని గంటలో అయిపోయేది.

ఒక దావాలో 1931 నాటి దస్తావేజు ఉంది. మా కక్షిదారు ముత్తాత అప్పు తీసుకుని పొలం ‘భోగ్యానికి’ ఇచ్చాడు. అంటే స్వాధీన తనఖా. అప్పిచ్చినవాడు పొలం పండించుకు తింటాడు, బాకీ తీరితే తిరిగి ఇచ్చేయాలి. యాప్ దాన్ని ‘అనుభవించడానికి ఇచ్చాడు’ అని ఇంగ్లీషులోకి మార్చింది. చదివితే పొలం పూర్తిగా రాసిచ్చేసినట్టే ఉంది! స్వాధీన తనఖాలో తనఖా పెట్టి 30 ఏళ్లు దాటినంత మాత్రాన విడిపించుకునే హక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మా కేసంతా ‘భోగ్యం’ అన్న ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఆ మాటే మా కాగితంలో తప్పుగా పడింది. తెలుగు ప్రతి పక్కన పెట్టుకుని నేనూ చదవలేదు, మా జూనియరూ చదవలేదు. కింద సంతకం మాత్రం నాది.

అవతలి వకీలు ఆ వాక్యం చదివి వినిపించినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రమే కక్షిదారు ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. సరైన అనువాదం దాఖలుకు కోర్టు అనుమతి ఇచ్చింది కానీ, రెండు వాయిదాలు పోయాయి. వాటికి ఫీజు తీసుకోలేదు, అనువాదం డబ్బు వెనక్కిచ్చాను.

ఇంకో సంగతి నన్ను అంతకంటే ఎక్కువ బాధపెడుతోంది. మీరు నమ్మి ఇచ్చిన పత్రాల్లోని విషయం మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలో ఇదే 126గా ఉండేది. మేం మాత్రం మీ పేర్లు, సర్వే నంబర్లు, బాకీల లెక్కలతో సహా ఆ పేజీలన్నీ ఎవరిదో సర్వర్‌కు పంపేశాం. మిమ్మల్ని అడగాల్సింది. అడగనందుకు క్షమించండి. ఇప్పుడు ఆ యాప్ తీసేశాం.

అలా అనువాదం చేసిన ఫైళ్లు 14. తొమ్మిది మళ్లీ చూశాం, మిగతావి ఈ నెలలో ముగిస్తాం. దీనికి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఇకమీదట అనువాదాలు ఒక రిటైరైన దస్తావేజు లేఖరి గారు చేతితో చేస్తారు. ఖర్చు పెరుగుతుంది, టైమూ పడుతుంది. ఎంతవుతుందో ముందే చెప్పి, మీరు సరేనన్నాకే మొదలుపెడతాం.

ఆయన శనివారాలు ఆఫీసులో ఉంటారు. పాత పత్రాలుంటే జిరాక్స్ కాకుండా అసలు ప్రతి తీసుకురండి, ఆయన మీ ఎదుటే చదివి వినిపిస్తారు. ఆ రాత తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనీ వెంటబెట్టుకుని రండి.