ఫార్మాట్ కొట్టించకముందు

హన్మకొండ

బిడ్డా,

అందరు మంచిగున్నరా? అల్లునికి నైట్ షిఫ్ట్ అయిపోయి ఫస్ట్ షిఫ్ట్ పడ్డదన్నవ్, ఇగ కంటి నిండ నిద్రపోతున్నడనుకుంటున్న. చిన్నోనికి దగ్గు తగ్గిందా?

నీ కంప్యూటర్ సంగతి ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవ్, అందుకే కూర్చొని రాస్తున్న. షాపాయన డబ్బా విప్పి చూడకుండనే ఫార్మాట్ కొట్టాలె, అంటే డిస్క్ తుడిచేసి విండోస్ మళ్ల కొత్తగ ఎక్కియ్యాలె అన్నడని, అల్లుడేమో అది పాతబడ్డది కొత్తది కొందాం అంటున్నడని చెప్పినవ్. ఈ రెండూ ఇప్పుడే వద్దు. ఎందుకు నెమ్మదిగ నడుస్తున్నదో తెల్వకుండ ఫార్మాట్ కొట్టిస్తే నీ ఫైళ్లు పోతయి, రోగం అట్లనే ఉండొచ్చు. హార్డ్ డిస్క్ చెడిపోతున్నదనుకో, ఫార్మాట్ తర్వాత నాలుగు రోజులు మంచిగ నడిచి మళ్ల మొదటికొస్తది. లోపల దుమ్ము పేరుకొని వేడెక్కుతున్నదనుకో, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ దుమ్ము కదలదు. ముందు ఎక్కడ ఆగుతున్నదో చూడాలె. అది నీ కండ్లతోని నువ్వే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

అన్నింటికన్న ముందు నీ ఫైళ్లు వేరే కాపీ తీసుకో. క్వశ్చన్ పేపర్లు, చిన్నోని ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, అన్నీ. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌ల, డౌన్‌లోడ్స్‌ల ఉన్నయన్నీ మామూలుగ సి డ్రైవ్‌లనే ఉంటయి, ఫార్మాట్ కొడితే మొదలు పోయేటివి అవే. డి డ్రైవ్‌ల పెట్టిన కదా అని ధీమాగ ఉండకు. నీ దాంట్ల సి, డి రెండూ ఒక్క హార్డ్ డిస్క్‌ల భాగాలే, డిస్క్ పోతే రెండూ పోతయి. ఒక కాపీ పెన్ డ్రైవ్‌ల పెట్టు, ముఖ్యమైనవి గూగుల్ డ్రైవ్‌ల కూడా ఎక్కించు. అక్కడ 15 జీబీ దాకా ఊరికెనే ఇస్తరు, కాకపోతే నీ జీమెయిల్ ఉత్తరాలు, ఫొటోలు కూడా అండ్లనే లెక్కకొస్తయి.

దీంట్ల ఒక సంగతి షాపోళ్లు చెప్పరు. నేను మన డీటీపీ షాపుల టైప్ చేసి ఇచ్చిన నీ పాత తెలుగు పేపర్లన్నీ ‘అను’ అనే పేరున్న ఫాంట్లల్ల ఉన్నయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కాదు, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లల్ల, ఫోన్లల్ల నడిచే తెలుగు పద్ధతి కాదు. ఇంగ్లిష్ అక్షరాలుండే జాగల తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చోబెట్టి చేసినయి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్ల ఫైలు తెరిస్తే తెలుగు కనబడదు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగ వస్తయి. ఫార్మాట్ కొట్టించినంక అట్ల కనబడితే ఫైలు ఖరాబైందని తీసేసేటోళ్లు ఉన్నరు, నాకు వాళ్లను చూస్తే పాణం ఉసూరుమంటది. ఫైలు మంచిగనే ఉంటది, ఫాంట్ లేదంతే. సి డ్రైవ్‌ల విండోస్ అనే ఫోల్డర్, దాంట్ల ఫాంట్స్ అని ఉంటది, అండ్లకెళ్లి అను ఫాంట్లు కూడా పెన్ డ్రైవ్‌లకు కాపీ చెయ్యి. ఎప్పటికీ మార్చని పేపర్లను పీడీఎఫ్ చేసి పెట్టుకో, పీడీఎఫ్‌ల మామూలుగ ఫాంట్ దాని లోపలనే ఉంటది కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగు లెక్కనే కనబడతది.

ఇగ చూసే పని. కంప్యూటర్ మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తది. చిన్న కిటికీ వస్తే కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటది, అది నొక్కు. పైన సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ, డిస్క్, నెట్‌వర్క్ అని వరుసలుంటయి, ఒక్కోదాని మీద శాతం రాసి ఉంటది. నెమ్మదిగ ఉన్న టైంల వంద దగ్గర కొట్టుకుంటున్నది ఏదో చూడు. మంచిగ నడుస్తున్నప్పుడు చూస్తే ఏం తెల్వదు, అది గుర్తు పెట్టుకో.

నువ్వు రెండు రకాల బాధలు చెప్పినవ్. పొద్దుగాల ఆన్ చేస్తే స్క్రీన్ వచ్చినంక కూడా శానా సేపటి దాకా ఏదీ తెర్వదు, లోపల కరకరమని చప్పుడు. ఇంకోటి, మధ్యాహ్నం మీద ఫ్యాన్ గట్టిగ మోగుతది, అప్పుడు వర్డ్‌ల అక్షరం కొడితే కొంచెం సేపటికి పడతది. ఇవి రెండు వేరే వేరే రోగాలని నా అనుమానం.

మొదటిది డిస్క్. పొద్దున్నే డిస్క్ మీద 100 శాతం అని ఎర్రబారి ఉంటది, కానీ పక్కన పర్ఫార్మెన్స్‌లకు పోయి డిస్క్ మీద నొక్కితే చదివే వేగం సెకనుకు ఒకటో రెండో ఎంబీలే ఉంటది. వంద శాతం పని, ఒక ఎంబీ ఫలితం ఏంది అనిపిస్తది. నీ దాంట్ల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్. నిమిషానికి 7200 చుట్లు తిరుగుతది, దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ జరుగుతూ కావాల్సిన ముక్క కోసం ఎదురుచూస్తది. పాత ప్రెస్సుల కంపోజిటర్ ఒక్కో గడిలకెళ్లి ఒక్కో సీసం అక్షరం ఏరినట్టన్నమాట. ఒక్కో ముక్కకు సుమారు 10 మిల్లీసెకన్లు పడితే సెకనుకు ఏరేది వంద ముక్కలే. వరుసగ ఉన్న పెద్ద సినిమా ఫైలైతే సెకనుకు వంద ఎంబీ దాకా గుంజుతది, కానీ విండోస్ మొదలైనప్పుడు కావాల్సినవి వేల చిల్లర ముక్కలు, తలా ఒక మూలకు. అందుకే ఆ కరకర. హార్డ్ డిస్క్ జాగల పెట్టుకునేటందుకు చిప్పులతోని చేసిన ఎస్‌ఎస్‌డీ అనేది దొరుకుతది. ఎస్‌ఎస్‌డీల తిరిగేది ఏదీ లేదు, ఏ ముక్కైనా మిల్లీసెకన్ల పదో వంతు లోపలనే దొరుకుతది. నీ లాంటి పాత కంప్యూటర్‌కు ఒక్క వస్తువే మార్చాలంటే నేను ఎస్‌ఎస్‌డీ అనే చెప్త, ర్యామ్ (నడుస్తున్న పనుల్ని పట్టి ఉంచే మెమరీ) కన్న ముందు, ప్రాసెసర్ కన్న ముందు.

అయితే ఆ డిస్క్ ఉత్తగ నెమ్మదిదా, చచ్చిపోతున్నదా అనేది వేరే ప్రశ్న. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచితంగ దొరికే సాఫ్ట్‌వేర్ ఉంటది, దాని సొంత సైట్ నుంచే దింపుకో. నీలం రంగుల గుడ్ అని వస్తే నయం. పసుపు రంగుల కాషన్ అని వస్తే కింద జాబితాల రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్ అనే రెండు వరుసల చివర చూడు. అన్నీ సున్నాలుండాలె. సున్నా కాకుండ ఉన్నదంటే డిస్క్ మీద కొన్ని జాగలు చెడిపోయినయన్నట్టు. అప్పుడు స్కానింగులు, రిపేర్లు ఏవీ మొదలుపెట్టకు, దాన్ని ఎక్కువ తిప్పిన కొద్దీ ప్రమాదం. కాపీ అయిపోంగనే బంద్ చెయ్యి. టక్ టక్‌మని కొట్టుకునే చప్పుడు వచ్చినా అంతే.

చిన్న చిన్నవి కొన్ని ఈలోపే చేసుకో. టాస్క్ మేనేజర్‌లనే స్టార్టప్ అని ఉంటది, కంప్యూటర్‌తో పాటే లేచి కూర్చునే సాఫ్ట్‌వేర్లన్నీ అండ్ల కనబడతయి. చాటింగ్‌వి, ఆటలవి, ప్రింటర్ కంపెనీ పెట్టిపోయిన అప్‌డేటర్లు, వాటి మీద నొక్కి డిసేబుల్ చెయ్యి. తీసేసినట్టు కాదు, నువ్వు పిలిచినప్పుడు వస్తయి. యాంటీవైరస్ రెండు పెట్టొద్దు. గడువైపోయినదొకటి ఊరికెనే కూర్చొని ఉంటే దాన్ని తీసెయ్యి, విండోస్‌తోని వచ్చే డిఫెండర్ నీ ఇంటికి సరిపోతది. ఇంకో మాట: రోజూ షట్ డౌన్ చేస్తున్న కదా అంటవ్. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టిన్రు, దానివల్ల షట్ డౌన్ చేసినా లోపలి గుండెకాయ భాగం డిస్క్ మీద దాచుకొని మళ్ల అదే లేపుతది. పూర్తిగ కొత్తగ మొదలు కావాలంటే రీస్టార్ట్ కొట్టాలె. వారానికోసారి కొట్టు.

మెమరీ వరుస ఎనభై, తొంభై శాతం మీద నిలబడితే అది ర్యామ్ సంగతి. నీ దాంట్ల 4 జీబీ ఉన్నది, క్రోమ్‌ల చిన్నోడు తెరిచే ట్యాబులకే సగం పోతది. ర్యామ్ నిండితే విండోస్ మిగిలింది హార్డ్ డిస్క్ మీద పెడతది, ఆ డిస్క్ ఎంత నెమ్మదిదో ఇప్పుడే చెప్పిన కదా. పర్ఫార్మెన్స్‌ల మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నయో, ఎన్ని వాడుతున్నమో రాసి ఉంటది. ఒకటి ఖాళీగ ఉంటే ఇంకో 4 జీబీ పెట్టొచ్చు. కొనేటప్పుడు డీడీఆర్3 అని అడుగు, నీ దానికి పట్టే ర్యామ్ రకం అది. డీడీఆర్4 ఇస్తే దాని గాటు వేరే చోట ఉంటది, స్లాట్‌ల కూర్చోదు.

ఇప్పుడు రెండో బాధ. మీరుండే గోదావరిఖని బొగ్గు దుమ్ము ఊరు, పైనుంచి రామగుండం ఎండ. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే చోట, తలుపులు మూసినా కిటికీ అంచుకు నల్లటి పొర పేరుకునే ఇంట్ల, ఆ డబ్బా ఫ్యాన్ రోజంతా ఆ గాలినే లోపలికి గుంజుతది. ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకులు దగ్గర దగ్గరగ పేర్చిన హీట్ సింక్ ఉంటది, ఫ్యాన్ గాలి వాటి నడుమకెళ్లి పోవాలె. అక్కడ బొగ్గు దుమ్ము, వెంట్రుకలు, దూది కలిసి పట్టీ లెక్క కట్టుకుంటది. పైనుంచి చూస్తే ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, కింద గాలి చొరబడదు. వేడి బాగ పెరిగి వంద డిగ్రీల దగ్గరకొస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటది, ఇంకా పెరిగితే మొత్తానికే ఆగిపోతది. మధ్యాహ్నం నీ అక్షరాలు ఆలస్యంగ పడుడు అదే అనుకుంటున్న. టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్‌ల సీపీయూ నొక్కి, పొద్దున ఎన్ని గిగాహెర్ట్జ్ ఉన్నదో, మధ్యాహ్నం అదే పని చేస్తుంటే ఎంత ఉన్నదో చూడు. మధ్యాహ్నం బాగ పడిపోతే వేడి సంగతే.

సాఫ్ చేసుడు కష్టమేం కాదు, ఓపిక కావాలె. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొంచెం సేపు నొక్కి పట్టుకో. డబ్బాను బయట అరుగు మీదికి తీస్కపో, ముక్కుకు గుడ్డ కట్టుకో, చిన్నోన్ని దూరం ఉంచు. వెనక ఉన్న రెండు స్క్రూలు తీస్తే పక్క రేకు జరుగుతది. లోపల చెయ్యి పెట్టేముందు డబ్బా ఇనుమును ముట్టుకో, ఒంట్ల ఉన్న కరెంటు దాంట్లకు పోతది. బ్లోయర్‌తోని కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితోని పట్టుకో, ఊరికెనే గిరగిర తిప్పితే దాని బేరింగు పాడైతది. రేకుల నడుమ పట్టినది మెత్తటి బ్రష్‌తోని తియ్యి. తడి గుడ్డ పెట్టకు. కరెంటు వైరు వచ్చి చేరే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, దాన్ని మాత్రం ఎప్పటికీ విప్పకు, ప్లగ్గు పీకినా దాంట్ల కరెంటు నిల్వ ఉంటది. హీట్ సింక్‌ను కదిలించకు, కదిలిస్తే కింద ప్రాసెసర్ వేడిని పైకి చేర్చే పేస్ట్ కొత్తది పెట్టాల్సొస్తది, అది నేనొచ్చినప్పుడు చూద్దాం. మళ్ల పెట్టేటప్పుడు డబ్బాను నేల మీద, మంచం సందుల పెట్టకు. బల్ల మీదికి ఎక్కించి వెనక జానెడు జాగ వదులు. పైన కప్పే గుడ్డ కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు తీసెయ్యాలె.

అల్లుడు కొత్తది అన్నదాంట్ల ఒక్క మాట నిజం ఉన్నది, అది కూడా చెప్త. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 14 అక్టోబర్ 2025 నాడు అయిపోయింది. ఇండ్లల్ల వాడేటోళ్లు పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, 13 అక్టోబర్ 2026 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చేటట్టు పెట్టిన్రు. విండోస్ 11కేమో ఇంటెల్‌ల ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ నుంచే అంటరు, నీది నాలుగోది. కాబట్టి బ్యాంకు పనులు, పైసల పనులు దాని మీద చెయ్యకు. పేపర్లు టైప్ చేసుడుకు, చిన్నోని పాఠాలకు అది ఇంకా పనికొస్తది. కొత్తది కొనే రోజు వస్తది, కానీ ఆ రోజు తొందరల కాకుండ చూసి కొందాం. ఎస్‌ఎస్‌డీ ఇప్పుడు కొన్నా ఎటూ పోదు, కొత్త డెస్క్‌టాప్‌ల డిస్క్ తగిలించే సాటా వైరు ఉంటే దాంట్ల కూడా పెట్టుకోవచ్చు.

స్క్రీన్ మీద మీ కంప్యూటర్‌ల వైరస్ ఉన్నది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి అని వస్తే చెయ్యకు, ఎవ్వరు చెప్పినా కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే యాప్ పెట్టకు. పొరపాటున ఎవరికైనా పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యాలె. మీ స్టాఫ్ రూంల మేడాలకు కూడా చెప్పు, ఈ పేర్లతోని మోసపోయేది చదువుకున్నోళ్లే ఎక్కువ కనబడుతున్నరు నాకు.

నాలుగు ఫొటోలు తీసి వాట్సాప్‌ల పంపు: పొద్దుగాల డిస్క్ పేజీ, మధ్యాహ్నం సీపీయూ పేజీ, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో, పక్క రేకు తీసినంక డబ్బా లోపల. లోపలి ఫొటోల ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే సన్నటి చదును ప్లగ్గు ఇంకోటి ఖాళీగ ఉన్నదో లేదో చూస్త, లేకుంటే ఇక్కడ్నే వైరు తీసుకుంట. వచ్చే నెల కాజీపేటల రైలెక్కి రామగుండంల దిగుత, ఎస్‌ఎస్‌డీ ఇద్దరం కలిసి పెడదాం. మీ బాపు కూడా వస్తనంటున్నడు, చిన్నోన్ని చూడక శాన రోజులైందట. కాపీ తీసుడు మాత్రం నేనొచ్చేదాక ఆపకు, ఈ రాత్రే మొదలుపెట్టు.

మీ అమ్మ