ఆ గది మాకు తిరిగి ఇప్పించండి: డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

నమస్కారాలు. బెంగళూరులోని మీ ఆసుపత్రిలోనే నాకు రొమ్ము క్యాన్సర్ చికిత్స జరిగింది. మూడుసార్లు అర్జీ పెట్టినా జవాబు రాలేదు కనుక, పదిమంది ఎదుట రాస్తున్నాను.

కీమో వార్డు పక్కన ఓ చిన్న గది ఉండేది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మేము శనివారాలు అక్కడ కూర్చునేవాళ్లం. దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చిన రోజు ఇంట్లో ఏడవలేదు, పిల్లలు బెదిరిపోతారని. ఆ గదిలో మదనపల్లె అక్క తలగుడ్డ విప్పి, కొత్తగా మొలుస్తున్న వెంట్రుకల మీద నా చెయ్యి పెట్టించింది. "చూడమ్మా, వస్తాయి" అంది. డాక్టర్లూ అదే చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ గరుకు చేతికి తగిలాకే.

ఇప్పుడు అందులో పాత ఫైళ్లు నింపి తాళం వేశారు. కన్నడం రానివాళ్లు రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటున్నారు.

మేం అడిగేది కొత్తదేమీ కాదు. తనకు రొమ్ము ఆపరేషన్ అయ్యాక, అదే బాధలో ఉన్న ఆడవాళ్లను పలకరించడానికి అమెరికాలో టెరీస్ లాసర్ 1952లోనే 'రీచ్ టు రికవరీ' అనే కార్యక్రమం మొదలుపెట్టారు.

శనివారం రెండు గంటలు ఆ గది ఇప్పించండి. చికిత్స ముగిసినవారు కొత్తవారిని కలిసేందుకు రాతపూర్వకంగా అనుమతించండి. మందుల గురించి మేం సలహాలివ్వం. మీ కౌన్సెలర్‌ను మాతో కూర్చోబెట్టండి. ఈ నెలాఖరులోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తాం.

భవదీయురాలు,
మీ ఆసుపత్రిలో కోలుకున్న ఒక పేషెంటు