మన కూరల తోట – వార్షిక నివేదిక, గుంటూరు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడు తోటలో జరిగిన మంచికీ చెడుకీ మూలం ఒక్కటే, ఎరువు. మడులు ఎవరివి వాళ్లవైనా ఎరువుగుంట అందరిదీ. అక్కడ జరిగిన పొరపాటు ప్రతి మడిలోనూ తేలింది. అందుకే ముందుగా దాని సంగతి.

తొలకరికి ముందు మన కంపోస్టు చాలక బయటి నుంచి ఒక ట్రాక్టరు పశువుల ఎరువు తెప్పించాం. పైపొర నల్లగా, పొడిగా ఉండటంతో మాగిందనుకుని పంచేశాం. లోపలంతా పచ్చిదే. మడిలో పడి తడి తగిలాక కుళ్లడం మొదలైంది. ఆ వేడికి వంగ నారు వేళ్లు మాడాయి, వేరుపురుగు చేరింది. ఎరువులోని గడ్డి కుళ్లడానికి నేలలోని నత్రజని ఖర్చయిపోయి, మిగిలిన మొక్కలూ పాలిపోయాయి. ఇకపై బండి దింపించే ముందు గుట్టలోకి మోచేతి లోతున చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూడాలి. మాగిన ఎరువు చల్లగా ఉంటుంది, తడి మట్టి వాసన వస్తుంది, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది. వెచ్చగా తగిలినా, పేడ వాసన కొట్టినా దింపుకోవద్దు.

మన సొంత గుంట వానాకాలంలో కంపు కొట్టింది. ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పడంలో తప్పులేదు. వంటింటి తడి చెత్త వచ్చి పడుతుంటే పైన వేయడానికి ఎండాకు లేకపోయింది, గాలి ఆడలేదు. ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండాకు పడాల్సిందే. ఉగాదికి ముందు వేప, కానుగ ఆకు రాల్చేటప్పుడే సంచులకెత్తి దాచుకోవాలి, వానల్లో వెతికితే దొరకదు. గుట్ట మూడడుగుల ఎత్తుకు తగ్గితే వేడెక్కదు. ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనాలి. గుప్పిట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో చేతికొస్తుంది. పచ్చడి అడుగులు, నూనె కూరలు మాత్రం వేయొద్దు. ఆ ఉప్పు చివరికి మన మడుల్లోకే చేరుతుంది.

నేలలో మేలుచేసే సూక్ష్మజీవులను పెంచే ద్రవం జీవామృతం. దాని పాళ్లు మళ్లీ రాస్తున్నాం: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల నాటు ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. ప్లాస్టిక్ డ్రమ్ములో, నీడన, గోనెపట్టా కప్పి 48 గంటలు ఉంచాలి. ఉదయం, సాయంత్రం కలియబెట్టాలి. కుళాయి నీళ్లయితే ముందురోజు రాత్రే పట్టి తెరిచి ఉంచాలి. అందులోని క్లోరిన్ మనం పెంచుకునే సూక్ష్మజీవులనే చంపుతుంది. తయారైన వారం లోపు, తడిగా ఉన్న నేలకే పోయాలి.

గుంటూరులో ఉండి మిరప వేయకుండా ఎలా? ఆకుముడత కనబడగానే ఏదో ఒక మందు కొట్టేయడం వల్ల ఈసారి మందూ శ్రమా వృథా అయ్యాయి. ఆకు అంచులు పైకి దోనెలా ముడిస్తే తామర పురుగు (రసం పీల్చే సన్నని పురుగు), కిందికి బోర్లించినట్టు ముడిచి కాడ సాగితే నల్లి (మంచాల్లోది కాదు, కంటికి ఆనని సాలీడు జాతి పురుగు). 2021లో మన జిల్లా మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో దాక్కుంటుంది, పువ్వును తెల్లకాగితం మీద దులిపితే కనిపిస్తుంది. దానికి నీలిరంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె కొంచెం సబ్బునీళ్లతో కలిపి సాయంత్రం పూట కొట్టాలి. నల్లికైతే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టిన పక్షం రోజుల లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది, మండుటెండలో కొట్టినా అంతే.

నీళ్ల వంతులు బాగానే సాగాయి. అయితే మనది నల్లరేగడి, పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. రెండంగుళాలు వేలు దించి చూడకుండా రోజూ పోసిన చోట టమాటా నారు కుళ్లిపోయింది.

ఉమ్మడి మడుల పంటను ఆదివారం పొద్దున తూచి పంచుతున్నాం. ఒంట్లో బాగోక వంతుకు రాలేనివారి వాటా తగ్గించరాదని తీర్మానించాం. గోంగూర చివర్లు తుంచండి, మొక్క పీకొద్దు. కరివేపాకు కొమ్మను చేత్తో లాగితే బెరడు చీలి చెట్టు దెబ్బతింటోంది, గేటు దగ్గర కత్తెర వేలాడదీశాం. నెల రోజులు పట్టించుకోని మడిని వరుసలో తర్వాతి వారికి ఇస్తాం, నిలిచి ఉన్న పంట మాత్రం వేసినవారిదే. విత్తనాల డబ్బాలోంచి గుప్పెడు నాటు విత్తనం తీసుకున్నవారు పంటయ్యాక రెండు గుప్పెళ్లు తిరిగి వేయాలి. హైబ్రిడ్ కాయల విత్తనం అందులో కలపొద్దు, తల్లి మొక్క గుణం రాదు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డుకు అంటించాం.

మృగశిర కార్తె వానలకు ఖాళీ మడుల్లో పచ్చిరొట్ట ఎరువు కోసం జనుము చల్లుతాం. పూత మొదలవగానే, సుమారు 45 రోజులకు, కోసి మట్టిలో కలిపేయాలి. ఆలస్యమైతే కాడ నారగట్టి కుళ్లదు. ఆ పనికి కొడవళ్లు ఉన్నవారు పేర్లు ఇవ్వగలరు.