కాటన్ దొర ఇంటిపేరుకూ పత్తికీ సంబంధం లేదు

సంపాదకుల వారికి,

ఏటా మే 15న సర్ ఆర్థర్ కాటన్ జయంతి వస్తూనే ఆయన పూర్వీకులు పత్తి వ్యాపారులని, అందుకే ఆ ఇంటిపేరు వచ్చిందని చెప్పే సందేశాలు తిరుగుతుంటాయి. పిల్లల వక్తృత్వ పోటీల్లోనూ ఈ మాట వినిపిస్తోంది. ఇది తప్పు.

కాటన్ అన్నది ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరు. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె, ‘కాటుమ్’ అంటే గుడిసెల దగ్గర. ఆ మాటే పలుకుబడి మారుతూ ఊళ్ల పేర్లయింది: కేంబ్రిడ్జిషైర్‌లో కోటన్, నాటింగ్‌హామ్‌షైర్‌లో కాటమ్. పాత దస్తావేజుల్లో కనిపించే ‘డి కోటన్’కు కోటన్ ఊరివాడని అర్థం. మన ఇంటిపేర్లలో ఎన్నో ఇలా పుట్టినవే కదా! పత్తికి వాడే మాట అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. రెండూ ఒకేలా వినిపిస్తాయి, అంతే.

కాలం చూసినా ఆ కథ నిలవదు. కాటన్ దొరది చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ల వంశం. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను రద్దు చేసినప్పుడు 1539లో కాంబర్‌మియర్ మఠం సర్ జార్జ్ కాటన్‌కు దక్కింది. పక్కనున్న లాంకషైర్‌లో నూలు మిల్లులు లేచింది 18వ శతాబ్దంలో.

అయితే కాటన్లందరిదీ ఒకే వంశం కాదు. ఆ పేరున్న ఊళ్లు అనేకం కాబట్టి ఒకరికొకరు సంబంధం లేని కుటుంబాలకూ అదే ఇంటిపేరు వచ్చింది. వంశం తేల్చాలంటే ఇప్పటి తరం నుంచి వెనక్కి నడవాలి. ఇంగ్లండులో ప్రభుత్వ జనన, వివాహ, మరణ రిజిస్టర్లు 1837 జులై 1 నుంచి ఉన్నాయి. 1851 జనాభా లెక్కల్లో మనిషి పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రాసి ఉంటుంది. అది దొరికితే ఆ చర్చి రిజిస్టర్లు చూడొచ్చు. వాటిని 1538లో మొదలుపెట్టించారు కానీ చాలాచోట్ల తొలినాటి పుటలు మిగల్లేదు. రాసేవారు చెవికి వినిపించినట్టు రాసుకున్నారు గనుక ఒకే కుటుంబం కాటన్, కాటెన్, కోటన్ అని మూడు రకాలుగా కనిపించవచ్చు. చాలామంది ఓ ప్రముఖుణ్ణి ముందే పట్టుకుని అక్కణ్నుంచి కిందికి దిగుతారు, దారి తప్పేది అక్కడే. ఇంటిపేరు చెబితే చాలు, వంశచిహ్నం అమ్ముతామనే వెబ్‌సైట్లనూ నమ్మకండి. ఇంగ్లండులో ఆ చిహ్నం ఒక వ్యక్తికి, అతని వారసులకు చెందుతుంది, ఇంటిపేరుకు కాదు.

జయంతి వ్యాసాలు అచ్చుకు పంపేముందు ఈ పత్తి కథను తీసేయాలని మీ డెస్కును కోరుతున్నాను. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంకు వచ్చే పిల్లలకు కూడా గైడ్లు, ఉపాధ్యాయులు కాంబర్‌మియర్ సంగతి చెప్పాలి.

— ఒక పాఠకుడు, ధవళేశ్వరం