పాలు పొంగించి తాళం వేసిన ఇళ్లు: మన కాలనీ సంఘం 2025–26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదిక డ్రెయిన్ పూడికతో మొదలై సీసీ కెమెరాలతో ముగుస్తుంది. ఈసారి వాటిని చివరికి నెట్టేశాను. ఎందుకంటే పోయిన చలికాలంలో కమిటీకి వచ్చిన ఫోన్లన్నీ దాదాపు రెండు విషయాల మీదే. ఒకటి ఇల్లు మారడం, రెండోది తాళం వేసి ఉన్న ఇల్లు. బెజవాడ చలి ఎంత, తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కునేంత. మధ్యాహ్నానికి మళ్లీ ఫ్యాను కావాల్సిందే. చలి వల్ల మన ఇళ్లకు వచ్చే నష్టం పెద్దగా లేదు. ఆ మూడు నెలలూ ఇల్లు మూసిపెట్టడం వల్ల వచ్చిందే ఎక్కువ.

సంగతి మీకు తెలిసిందే. నవంబరు చివరి వారంలో శుక్ర మౌఢ్యమి, అంటే శుభకార్యాలకు ముహూర్తాలు లేని కాలం, మొదలై ఫిబ్రవరి మూడో వారం దాకా ఉంది. మధ్యలో ధనుర్మాసం, పుష్యమాసం సరేసరి. దాంతో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు, కొనుక్కున్నవాళ్లు అందరూ కార్తీకంలో, మార్గశిరం మొదటి రోజుల్లో గృహప్రవేశాలు కానిచ్చేశారు. వడ్రంగి పని సగంలో ఉంది, ఒక ఇంట్లో అయితే బాత్రూమ్ తలుపు కూడా బిగించలేదు. పాలు పొంగించారు, వ్రతం చేసుకున్నారు, భోజనాలు పెట్టారు, తాళం వేసి మళ్లీ పాత అద్దె ఇంటికే వెళ్లారు. ముహూర్తాలు ఎవరి నమ్మకం వారివి, కమిటీ అందులో తల దూర్చదు. (కార్యదర్శి ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి దూర్చే మొహం కూడా లేదు.)

ఫిబ్రవరి నెలాఖరులో తాళాలు తీశాక మొదలయ్యాయి ఫోన్లు. "డ్రైనేజీ పొంగిందండీ, ఇల్లంతా కంపు" అని మొదటి ఫోన్. వెళ్లి చూస్తే ఏమీ పొంగలేదు. బాత్రూమ్ జాలీ కింద, సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ వాసన, బొద్దింకలు పైకి రాకుండా అడ్డుకునేది ఆ నీళ్లే. వాడకం లేక అవి ఆవిరైపోయాయి. జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోస్తే సాయంత్రానికి వాసన పోయింది. కానీ ఈలోపు ప్లంబరు వచ్చి టైల్స్ పగలగొట్టాలని చెప్పి అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. ఇల్లు కొన్ని వారాలు మూసి ఉంచబోతుంటే ప్రతి జాలీలో నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేయండి. నూనె తెట్టులా తేలుతుంది, నీళ్లు త్వరగా ఆవిరి కావు.

ఇంకో ఇంట్లో కొత్త ప్లైవుడ్ అల్మారాల వెనక బూజు. కొత్త ఇంటి గోడల్లో సిమెంటు, ప్లాస్టరింగ్ తాలూకు తడి ఆరడానికి నెలలు పడుతుంది. కిటికీలన్నీ బిడాయించి పెడితే ఆ చెమ్మ ఎక్కడికి పోతుంది? చెక్కలోకే పోయింది. అల్మారాను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టించి, తలుపులు ఓరగా తెరిచి ఉంచాల్సింది. కలరా ఉండలు వేశామని ఆ ఇంటివాళ్లు అన్నారు. అవి పురుగుకు పనికొస్తాయి గానీ చెమ్మను ఏం చేస్తాయి? మూడో ఇంట్లో బోరు మోటారు మూడు నెలలు తిప్పక బిగుసుకుపోయింది. పది రోజులకోసారి పది నిమిషాలు తిప్పినా ఆ ఖర్చు తప్పేది. పై ట్యాంకులో నవంబరు నీళ్లే ఉన్నాయి, వాటితోనే అంట్లు తోమబోయారు. తాళం వేసే రోజే ట్యాంకు ఖాళీ చేసి, చేరే ముందు కడిగించుకోండి. ఫ్రిజ్ కూడా ప్లగ్గు తీసి తుడిచి, తలుపు కొంచెం తెరిచే ఉంచాలి.

వారానికోసారి ఎవరో ఒకరు తాళం తీసి, కిటికీలు తెరిచి, ఒక గంట గాలి ఆడనిస్తే ఇవేవీ జరగవు. ఆ తాళాలు సంఘం దగ్గర ఉంచుకోవాలని కొందరు సభ్యులు అడిగారు. కమిటీలో దీని మీద రెండు సమావేశాల్లో వాదన నడిచింది. చివరికి వద్దనే నిర్ణయించాం. రేపు ఒక గిన్నె కనిపించకపోయినా అందరం ముఖాలు తిప్పుకోవాలి. మీకు నమ్మకమున్న పక్కింటివాళ్లకు ఇచ్చుకోండి. ఎవరికి ఇచ్చారో మాత్రం మాకు చెప్పండి, నీళ్లు లీకై వీధిలోకి వస్తున్నప్పుడు ఎవరి తలుపు తట్టాలో తెలుస్తుంది.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కింది అంతస్తుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కట్టకు మూడు గండ్లు పడి సింగ్‌నగర్ వైపంతా నీళ్లలో ఉన్న ఆ రోజులు ఎవరూ మర్చిపోలేదు. ఆ వరద తర్వాత వచ్చిన సంక్రాంతికే చాలామంది గోడలకు పుట్టీ పెట్టి రంగులు వేయించేశారు. ఇప్పుడు అవే గోడలు నడుము ఎత్తు దాకా ఉప్పు తేలి పెచ్చులు ఊడుతున్నాయి. లోపలి తడి ఆరకుండా పైన రంగు వేస్తే అంతే. గోడ ఆరిందో లేదో చూడడానికి ఒక మూరెడు ప్లాస్టిక్ కవరు తీసుకుని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించండి. ఒకట్రెండు రోజుల తర్వాత లోపలి వైపు చెమట పట్టినట్టుంటే ఇంకా ఆగాలి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రంగులకు, డాబా మీద వాటర్‌ప్రూఫింగ్‌కు మనకు మంచి కాలం. అక్టోబరులో మాత్రం తొందరపడొద్దు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. 2023లో మిచౌంగ్ అయితే డిసెంబరు 5న బాపట్ల దగ్గర దాటింది. మొంథా హెచ్చరిక రాగానే ఇంటింటికీ తిరిగి డాబా మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు, చెత్త తీయించాం. ఈ ఏడాది కమిటీ చేసిన పనుల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదేనని నా అభిప్రాయం.

ఇక ఇల్లు మారడం. ముహూర్తాలన్నీ నవంబరులో కొన్నాళ్లు, ఫిబ్రవరి చివర కొన్నాళ్లు ఒకేచోట పడేసరికి టాటా ఏస్ దొరకడమే గగనమైంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబానికి ప్యాకర్స్ వాళ్లు ఫోన్‌లో ఒక రేటు చెప్పారు. సామాను లారీలోకి ఎక్కాక, సూర్యాపేట దాటాక ఇంకో రేటు చెప్పారు. ఇచ్చేదాకా లారీ కదల్లేదు. ముందే మనిషిని ఇంటికి రప్పించి సామాను చూపించండి. లెక్క కాగితం మీద రాయించుకోండి. అందులో లిఫ్టు లేని అంతస్తుల కూలీ, జీఎస్టీ, దారిలో పగిలితే ఇన్సూరెన్సు ఉన్నాయో లేదో చూడండి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. సంక్రాంతి వారంలో హైదరాబాదు రోడ్డు మీద సామాను లారీ పెట్టుకోవద్దు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరుసలు టీవీలో ఏటా చూస్తూనే ఉన్నాం. దానికి తోడు తెల్లవారుజామున పొగమంచు.

ఫ్రిజ్ నిలబెట్టే తీసుకురావాలి. పడుకోబెట్టక తప్పకపోతే, ఎన్ని గంటలు పడుకోబెట్టారో కనీసం అన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి, కంప్రెసర్‌లోని ఆయిల్ మళ్లీ కిందికి దిగాలి కదా. ముందు తలుపుండే వాషింగ్ మెషిన్‌కు కొన్నప్పుడు వెనక బిగించి వచ్చిన పొడవాటి బోల్టులు మళ్లీ బిగించాలి, లేకపోతే లోపలి డ్రమ్ము ఊగి పాడవుతుంది. ఆ బోల్టులు ఎవరి ఇంట్లోనూ దొరకవు, అది వేరే సంగతి. ఇన్వర్టరు బ్యాటరీ ఒరిగితే యాసిడ్ కారుతుంది. ఆవకాయ జాడీని మాత్రం ఎవరికీ అప్పజెప్పకండి. ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నవాళ్ల జాడీలే క్షేమంగా చేరాయి.

గ్యాస్ సిలిండరు సామాను లారీలో వేయకూడదు. వేరే ఊరు వెళ్తుంటే సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ కాగితం రాయించుకోండి. ఊళ్లోనే ఏజెన్సీ మారుతుంటే కాగితం చాలు, వస్తువులు ఇవ్వనక్కర్లేదు. ఓటు మార్చుకోవడానికి ఫారం 8. విజయవాడ సెంట్రల్ నుంచి తూర్పుకు మారినా అదే. కరెంటు మీటరు రీడింగును ఇల్లు వదిలే రోజు, చేరే రోజు ఫొటో తీసి ఉంచుకోండి. పాత వాడకం మీద సర్దుబాటు చార్జీలు తర్వాతి బిల్లుల్లో వస్తుంటాయి. అవి ఓనరు కట్టాలా, అద్దెకున్నవాళ్లు కట్టాలా అన్న తగాదాలు ఈ ఏడాది సంఘం దాకా వచ్చాయి. అద్దె కాగితంలో ఒక్క వాక్యం రాసుకుంటే పోయేది.

గీజర్ల విషయం ఒకటి గట్టిగా చెప్పాలి. డిసెంబరులో మన వీధిలోనే ఒకావిడకు బాత్రూమ్‌లో షాక్ కొట్టింది. దేవుడి దయ, చేయి చప్పున వెనక్కి లాక్కున్నారు. ఎర్తింగ్ వైరు ఉంది, కానీ దేనికీ కలపలేదు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, అడిగిన ఇళ్లన్నిటిలో ఎర్తింగ్ చూపించాం. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేనివాళ్లు పెట్టించుకోండి. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఇదే. పదిహేను లీటర్ల గీజరు, రెండు కిలోవాట్లదైతే, మన చన్నీళ్లను 60 డిగ్రీలకు తేవడానికి ఇరవై నిమిషాలు చాలు, ముప్పావు యూనిట్ కూడా కాలదు. కాబట్టి తెల్లారి నాలుగింటికి వేసి ఆరింటి దాకా వదిలేయకండి. బకెట్లో పెట్టే రాడ్ వాడేవాళ్లు ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోవాలి, స్విచ్ ఆపితే సరిపోదు. గ్యాస్ గీజరు ఉన్న బాత్రూమ్‌లో చలి అని వెంటిలేటరుకు అట్టముక్క అడ్డం పెట్టడం ప్రాణాల మీదికి తెస్తుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తెలిసేలోపే స్పృహ పోతుంది.

సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవాళ్ల కోసం పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా) సేవ ఉంది. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, వెళ్లే ముందు అడిగితే ఇంట్లో కెమెరా పెడతారు, ఖర్చు లేదు. వాడుకున్నవాళ్లు తక్కువ, ఊరికి బయల్దేరుతూ స్టేటస్‌లు పెట్టినవాళ్లు ఎక్కువ. భోగి మంటలో ఈసారి కూడా ఎవరో పిల్లలు టైరు వేశారు. ఇల్లు మారినవాళ్లు పారేసిన పాత చెక్క వచ్చే ఏడాది సంఘం గది వెనక పోగు చేస్తాం, మంటకు అదే చాలు.

మిగిలినవి క్లుప్తంగా: డ్రెయిన్ పూడిక వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీయించాం. దోమలు తగ్గలేదు, కాలువల ఊళ్లో అవి ఎక్కడికి పోతాయి? వీధి దీపాలు వెలుగుతున్నాయి, మూల మలుపు దగ్గరది తప్ప. దాని మీద నాలుగోసారి అర్జీ పెట్టాం. జమా ఖర్చుల పత్రం దీనితో జతచేశాం. సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో అడగండి, అదే రోజు చందా బకాయిలు కూడా తెస్తే మంచిది. వచ్చే కార్తీకంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లు తేదీ ముందే చెబితే, ఒకే రోజు రెండు లారీలు మన ఇరుకు వీధిలో ఎదురెదురు కాకుండా చూస్తాం.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ తరఫున