గుమ్మం దాటించిన మీకు కృతజ్ఞతలు

పేరు అడిగేలోపే వెళ్లిపోయారు, అందుకే అందరి ముందూ ఇలా చెబుతున్నాను. నాకు పార్కిన్సన్స్ (వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, నడక తడబడటం తెచ్చే మెదడు జబ్బు) అని తేలి అప్పటికి ఎంతో కాలం కాలేదు. న్యూరాలజిస్టు గది గుమ్మంలో నా కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. వెనక జనం. కంగారుపడేకొద్దీ ఇంకా బిగుసుకుపోయాను. మీరు చెయ్యి పట్టి లాగలేదు. మీ పాదం నా పాదాల ముందు అడ్డంగా పెట్టి, "తొందరేం లేదమ్మా, దీన్ని దాటండి చాలు" అన్నారు. దాటాను. నడక వచ్చేసింది!

తర్వాత పక్కన కూర్చుని ఎంత ఓపిగ్గా చెప్పారో! ఈ జబ్బుకిచ్చే లెవోడోపా మాత్ర వేళ తప్పకూడదని, మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి మందు సరిగ్గా పనిచెయ్యదని (డాక్టరు గారూ అదే అన్నారు), వ్యాయామం కూడా మందంత ముఖ్యమని. మీ చెయ్యి వణకడం చూశాక గానీ మీకూ ఇదే జబ్బని నాకు తెలియలేదు. ఎన్నేళ్లయిందని అడిగితే, "లెక్కపెట్టడం మానేశానమ్మా, సాయంత్రం డ్యాన్సు క్లాసుంది" అంటూ లేచారు. ఆ ఒక్క మాటతో నా భయం సగం తగ్గింది.

ఇప్పుడు మా ఇంట్లో గుమ్మాల దగ్గర, మీ పాదాన్ని దాటినట్టే దాటడానికి, నేలమీద రంగు టేపులు అంటించాం. రోజూ వ్యాయామం చేస్తున్నాను, గొంతు తగ్గిపోకుండా పేపరు గట్టిగా పైకి చదువుతున్నాను. మీరెక్కడున్నా మీకు నా మనస్ఫూర్తి నమస్కారాలు.