స్పానిష్ అప్పుడే వదిలేయకు

అమ్మలూ,

ఫోన్లో చెప్తే "ఓకే అమ్మా, ఓకే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. మనబడికి అన్నేళ్లు వెళ్లావు కదా, తెలుగే, నెమ్మదిగా చదువుకో.

"హైస్కూల్లో నాలుగేళ్లు స్పానిష్ చదివేశాను, ఇంక నాకక్కర్లేదు" అన్నావు. సగం నిజమే. నువ్వు చేరబోయే విస్కాన్సిన్ యూనివర్సిటీ, అదే మాడిసన్‌లో, బీఏకి కావాల్సిన లాంగ్వేజ్ రిక్వైర్‌మెంట్ ఆ నాలుగేళ్లతో తీరిపోతుంది. కానీ రిక్వైర్‌మెంట్ తీరడం వేరు, క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కపెట్టే పాయింట్లు, రావడం వేరు. నువ్వు చదివిన నాలుగేళ్లకి యూనివర్సిటీ ఊరికే ఒక్క క్రెడిట్ కూడా వెయ్యదు. ప్లేస్‌మెంట్ టెస్ట్ బాగా రాసినా అంతే, నువ్వు ఏ క్లాసులో కూర్చోవాలో చెప్పి ఊరుకుంటుంది.

క్రెడిట్లు వచ్చే దారి ఇంకోటి ఉంది, రెట్రో క్రెడిట్లు అంటారు. టెస్ట్ నిన్ను ఏ లెవెల్లో పెడితే ఆ స్పానిష్ క్లాసు తీసుకుని బి గానీ అంతకంటే మంచి గ్రేడు గానీ తెచ్చుకుంటే, దాని కింద నువ్వు దాటేసిన క్లాసుల క్రెడిట్లన్నీ నీ ఖాతాలో వేస్తారు. 203 నంబరు క్లాసులో పడ్డావనుకో, 101కి నాలుగు, 102కి నాలుగు, మొత్తం ఎనిమిది. 203, 204 కూడా దాటేసి 226 దాకా వెళ్లగలిగితే పదహారు, అదే గరిష్ఠం. డిగ్రీకి కావాల్సినవి 120, అంటే పదహారంటే ఇంచుమించు ఒక సెమిస్టర్ చదువన్నమాట! వాటికి గ్రేడు ఉండదు కాబట్టి జీపీఏ పెరగదు, తగ్గదు. 12 నుంచి 18 క్రెడిట్ల దాకా ట్యూషన్ ఎలాగూ ఒకటే, ఆ స్పానిష్ క్లాసు అందులోనే ఇమిడిపోతుంది.

మెలిక టైములో ఉంది. కాలేజీలో నువ్వు క్రెడిట్ కోసం తీసుకునే మొదటి లాంగ్వేజ్ కోర్సు అదే అయి ఉండాలి, నీ డిగ్రీ క్రెడిట్లు 30 దాటకముందే అది తీసుకోవాలి. "సెకండ్ ఇయర్లో చూద్దాంలే" అనుకుంటే తలుపు మూసేస్తారు. అందుకే నా టెన్షన్. పైగా రెండేళ్లు గాలికి వదిలేస్తే నీ స్పానిష్ మాత్రం మిగులుతుందా?

ఇంకో మాట. కింది క్లాసులో సులువుగా 'ఏ' గ్రేడు కొట్టేద్దామని టెస్ట్ కావాలని పాడుచేసే పిల్లలు ఉంటారట. నాకైతే అది తెలివితక్కువ తెలివి అనిపిస్తుంది, ఒక్కో లెవెల్ కిందికి దిగినప్పుడల్లా నాలుగేసి క్రెడిట్లు పోతాయి, వచ్చిందే మళ్లీ వింటూ సెమిస్టరంతా కూర్చోవాలి. అలాగని పదహారు కోసం ఎగబడకు. 226లో సి వస్తే రెట్రో ఒక్కటీ రాదు, 203లో బి వస్తే ఎనిమిది చేతికొస్తాయి. టెస్ట్ నిజాయితీగా రాయి, ఎక్కడ పెడితే అక్కడ కూర్చో, మొదటి వారంలోనే ఊపిరాడట్లేదనిపిస్తే వెంటనే అడ్వైజర్‌తో మాట్లాడి ఒక మెట్టు దిగు.

మీ నాన్న అప్పుడే మూడున్నరేళ్లలో డిగ్రీ అని లెక్కలు వేస్తున్నారు. పట్టించుకోకు. నా ఆలోచన అది కాదు, నాలుగేళ్లూ హాయిగా ఉండు, కెమిస్ట్రీ బరువుగా ఉన్న సెమిస్టర్లో ఒక కోర్సు తగ్గించుకో, లేకపోతే ఒక సెమిస్టర్ స్పెయిన్ వెళ్లిరా. అయితే ఈ రెట్రో క్రెడిట్లు ఎక్కువగా ఎలెక్టివ్‌ల కిందే, అంటే మనిష్టంగా ఎంచుకునే కోర్సుల కిందే, పనికొస్తాయి, మేజర్ కోర్సులు మాత్రం చదవాల్సిందే.

అన్ని చోట్లా రూల్ ఇలాగే ఉండదు. మిన్నెసోటాలో ఉన్న మీ అన్నయ్య, పెద్దమ్మ కొడుకు, హైస్కూల్లోనే తెలుగు పరీక్ష రాసి బైలింగ్వల్ సీల్, అంటే రెండు భాషలు వచ్చని ఇచ్చే గుర్తింపు, తెచ్చుకున్నాడు. అక్కడి స్టేట్ కాలేజీలు దానికే సెమిస్టర్ల లెక్కన క్రెడిట్లు ఇస్తాయి, కాకపోతే స్కూలు అయిన మూడేళ్లలోపు అడగాలి. వాడు చెప్పింది విని అదే నీకూ వర్తిస్తుందనుకోవద్దు.

ప్లేస్‌మెంట్ టెస్ట్ సోర్‌కి, అదే కొత్త పిల్లల ఓరియెంటేషన్‌కి, వెళ్లేలోపే రాసెయ్. అక్కడ అడ్వైజర్ని రెండే అడుగు: ఈ కోర్సు రెట్రోకి లెక్కలోకి వస్తుందా, ఫాల్‌లో సీటు ఉందా. ఉంటే అక్కడే ఎన్‌రోల్ అయిపో, ఇంటికొచ్చాక ఆలోచిద్దామనుకోకు, పొద్దున సెక్షన్లన్నీ నిండిపోయి రాత్రి క్లాసే మిగులుతుంది, అప్పుడు మళ్లీ నన్నే తిడతావు.

అమ్మ